ఇరవై ఏడో నల్లా

ఒకటో రోజు

ఈ దినచర్యలో అంకెలు రాస్తే చాలని పై ఆఫీసువాళ్లు చెప్పారు. కొండమీది తొట్టి నుంచి ఎన్ని లీటర్లు వదిలాను, నల్లాల దగ్గర ఎన్ని అందాయి, మధ్యలో ఎన్ని పోయాయి. అవి రాస్తాను. కానీ సిరిగడ్డ కోటలో ఒక్క రోజు గడిపేసరికే అంకెలతో సరిపెట్టబుద్ధి కావడం లేదు.

నేను పుట్టి పెరిగింది బయట, నూరు అంతస్తుల ఇళ్లలో. అక్కడ గోడకున్న యంత్రం గాలిలోంచి నీళ్లు తీసి ఇస్తుంది. చెత్తను వంటింటి గొట్టంలో వేస్తే లోపలికి పీల్చుకుపోతుంది. అది ఎక్కడికి పోతుందో ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్కసారీ ఆలోచించలేదు. కోటలో ఇవేవీ లేవు. ఏడు వందల ఏళ్ల కట్టడమని ఇక్కడ గునపం దింపనివ్వరు, గోడకు మేకు కొట్టనివ్వరు. అందుకని పాతకాలపు మట్టి గొట్టాల్లోంచే నీళ్లు కొండ దిగి, ఇరవై ఆరు వీధి నల్లాలకు వస్తాయి. రెండు వందల పన్నెండు ఇళ్లవాళ్లు బిందెలతో పట్టుకుపోతారు. ఉదయం ఆరింటికి, సాయంత్రం నాలుగింటికి వాల్వు తిప్పడం నా ఉద్యోగం.

తొమ్మిదో నల్లా దగ్గర మీటరు చూస్తుంటే దాహం వేసింది. తాగడానికి గ్లాసు కోసం చుట్టూ చూశాను. నల్లా పక్కింటి అరుగు మీద కూర్చున్న పెద్దావిడ నవ్వి, లేచి వచ్చి, నా రెండు చేతులూ పట్టుకుని దోసిలి ఎలా పట్టాలో చూపించింది. సగం నీళ్లు మోచేతుల మీదుగా కారిపోయాయి. మిగతా సగం తాగాను. నీళ్లకు రుచి ఉంటుందని నాకు ఇవాళే తెలిసింది. ఆవిడ పేరు కమరున్నీసా బేగం. వయసు డెబ్బై ఎనిమిది. ఆ నల్లా దగ్గర ఎవరి తర్వాత ఎవరు పట్టుకోవాలో నలభై ఏళ్లుగా ఆవిడే చెబుతోందట. ఎవరూ ఆ పని ఆవిడకు అప్పగించలేదు, ఎవరూ కాదనలేదు.

వదిలినవి లక్షా పది వేల లీటర్లు. అందినవి డెబ్బై ఆరు వేలు. పోయినవి ముప్పై నాలుగు వేలు. నూటికి ముప్పై ఒకటి.

మూడో రోజు

ఇవాళ చెత్త ఎత్తే ఐలయ్యతో పరిచయమైంది. అరవై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా ఉంటాడు. ఆయన వెనకాల నాలుగు కాళ్ల మోతయంత్రం ఒకటి నడుస్తుంది. కోటలో సందులన్నీ మెట్లే కాబట్టి చక్రాల బండి పనికిరాదు. ఈ యంత్రానికి ఆఫీసు కాగితాల్లో పొడుగాటి పేరు ఉంది గానీ కోటలో అందరూ దాన్ని దున్న అంటారు. దాని వీపుకు రెండు పక్కలా గంపలు. కుడివైపు తడి చెత్త, ఎడమవైపు పొడి చెత్త. తడి చెత్త కందకం ఒడ్డున ఎరువు గుంతల్లోకి పోతుంది, పొడిది కోట గుమ్మం దాటి బయటి లారీకి.

ఏ ఇంటివాళ్లు కూర తొక్కుల్లో ప్లాస్టిక్ కలుపుతారో ఐలయ్యకు తెలుసు. వాళ్లను తిట్టడు. ఆ ప్లాస్టిక్ ముక్కను ఏరి, కడిగి, వాళ్ల గడప మీదే పెట్టి వెళ్తాడు. రెండోసారి ఎవరూ ఆ తప్పు చేయరట.

కమరున్నీసాను ఆయన ఆపా, అంటే అక్కా, అని పిలుస్తాడు. రోజూ ఆవిడ ఇంటి ముందుకు రాగానే దున్న తనంతట తనే ఆగుతుంది. ఆవిడ టీ తెస్తుంది. ఇద్దరూ అరుగుకు చెరోపక్క కూర్చుని ఏమీ మాట్లాడుకోకుండా తాగుతారు. ఇవాళ నాకూ ఒక కప్పు వచ్చింది.

ఎనిమిదో రోజు

పరిరక్షణ మండలి నుంచి నోటీసు వచ్చింది. నీటి నష్టం నూటికి పదిహేను దాటకూడదని నియమం. మూడేళ్లుగా అది ముప్పైకి తగ్గడం లేదు. ముప్పై రోజుల్లో తగ్గించకపోతే నల్లాలు మూసేసి, ఇళ్లవాళ్లను బయటి అంతస్తుల్లోకి తరలించి, కోటను చూడవచ్చేవాళ్ల కోసం మాత్రమే ఉంచుతారు.

ఈ మాట నేనే ఇంటింటికీ తిరిగి చెప్పాలి. చెప్పాను. ఎవరూ నా మీద కోపం చూపలేదు, అదే కష్టంగా ఉంది. కమరున్నీసా మాత్రం బయట నలభయ్యో అంతస్తులో నల్లా దగ్గర ఎవరెవరు నిలబడతారని అడిగింది. అక్కడ నల్లాలే ఉండవని చెప్పాను. మరి మనుషులు ఒకరినొకరు ఎక్కడ చూసుకుంటారని అడిగింది. మా పక్కింటివాళ్ల ముఖాలు గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. రాలేదు.

పన్నెండో రోజు

నాలుగు రోజులుగా ఇనుప కడ్డీని రాతి బాట మీద ఆనించి, రెండో కొసకు చెవి పెట్టి వింటూ గొట్టాల దారి వెంట నడుస్తున్నాను. కింద నీరు కారుతుంటే కడ్డీలో సన్నటి ఈల వినిపించాలి. ఇళ్ల వీధులన్నీ విన్నాను. ఎక్కడా ఈల లేదు. తూర్పు వైపు పాత ఏనుగుల కొట్టం దాకా వెళ్లాను. దాని వెనక పటంలో శిథిలాలు అని ఉంది, ప్రవేశం లేదని కూడా ఉంది. అక్కడి నుంచి వెనక్కి వచ్చాను.

ఇవాళ ఏడు, ఎనిమిది, తొమ్మిది నల్లాల్లో మొదటి బిందె నీళ్లు కాస్త మబ్బుగా వచ్చాయి. ఈ మూడూ ఏనుగుల కొట్టం కిందవైపువే. ఆ బిందెలు పారబోయించి, తర్వాతి నీళ్లు పట్టుకోమన్నాను.

పదహారో రోజు

దున్న ఎక్కడెక్కడ నడిచిందో దాని లోపల నమోదవుతుంది. ఏ సందులో చెత్త ఎక్కువ వస్తోందో చూద్దామని ఆ నమోదు తెరిచాను. దున్న సాయంత్రం గుమ్మం దగ్గరి షెడ్డుకు వెళ్లాలి. వెళ్లడం లేదు. రోజూ ఏనుగుల కొట్టం వెనక్కి, పటంలో శిథిలాలున్న చోటికి వెళ్లి, తెల్లవారేదాకా అక్కడే ఉంటోంది.

ఐలయ్యను అడిగాను. అక్కడ ఎండ బాగా తగులుతుంది, దానికి చార్జింగు మంచిగా ఎక్కుతుందని చెప్పాడు. చెబుతూ నా ముఖం వైపు చూడలేదు. సాయంత్రం తర్వాత ఎండ ఎక్కడుంటుందని నేనూ అడగలేదు. ఎందుకు అడగలేదో నాకు తెలుసు. రేపు ఉదయం టీకి ఆ అరుగు మీద ముగ్గురం కూర్చోవాలి.

ఇరవయ్యో రోజు

తూర్పు వీధుల్లో పదకొండు మందికి వాంతులు, విరేచనాలు. అందరికన్నా ఎక్కువగా కమరున్నీసాకు. తెల్లారి నల్లా దగ్గర ఆవిడ కనిపించకపోతే లోపలికి వెళ్లాను. మంచం మీద లేవలేకుండా ఉంది. కోట గుమ్మం దాకా మోసుకెళ్లే దారిలో ఆవిడ నా చెయ్యి వదల్లేదు. బయటి ఆసుపత్రి బండిలో ఎక్కించాం. ఐలయ్య బండి వెనకాల కొంతదూరం నడిచి ఆగిపోయాడు.

కోటంతా తిరిగి నీళ్లు కాచి తాగమని చెప్పాను. నీళ్లను పరీక్షకు పంపాను. తొమ్మిదో నల్లా నీళ్లలో చెత్త కడిగిన మురుగు కలిసిందని సాయంత్రానికి జవాబు వచ్చింది.

నాలుగు రోజుల కిందటే నేను ఆ కొట్టం వెనక్కి వెళ్లి ఉండాల్సింది. ఇది రాసి పెడుతున్నాను.

ఇరవై ఒకటో రోజు

ఉదయం వాల్వు తిప్పడానికి వెళ్లేసరికి ఐలయ్య తొట్టి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. దున్న పక్కన లేదు.

"మేడం, నువ్వు ఎతుకుతున్న నీళ్లు మా కాడికే వస్తున్నయి. వాల్వు తిప్పకు. నాతో రా," అన్నాడు.

ఏనుగుల కొట్టం వెనక గోడలో వంగి దూరాల్సినంత చిన్న ద్వారం ఉంది. దాటితే సందు. రెండు వైపులా చిన్న చిన్న ఇళ్లు, ఇరవై మూడు. అలికిన వాకిళ్లు, తీగల మీద ఆరేసిన బట్టలు, డబ్బాల్లో తులసి, పుదీనా. కోటలో చెత్త ఎత్తేవాళ్లు, కాలువలు తీసేవాళ్లు, ఎరువు గుంతలు తిప్పేవాళ్లు అందరూ అక్కడే ఉంటున్నారు. నూట పద్దెనిమిది మంది. నన్ను చూసి మాటలు ఆపేశారు. ఒకామె మాత్రం లోపలికి వెళ్లి నాకోసం కుర్చీ తెచ్చి వేసింది.

సందు చివర రాతి పలక కింద గుంట ఉంది. అందులో పెద్ద మట్టి గొట్టం. ఎన్నో తరాల కిందట ఎవరో దాని మెడ దగ్గర చిల్లు పొడిచి, చెక్క బిరడా పెట్టారు. బిరడా తీస్తే నీళ్లు, పెడితే ఆగుతాయి. ఇప్పుడు గొట్టం మెడే చీలింది. గుడ్డలు, తారు, రేకుముక్క చుట్టి ఉన్నా నీళ్లు పొంగి గుంట అడుగున బండల సందుల్లోకి పోతున్నాయి. అసలు సంగతి అది కూడా కాదు. గుంటకు పది అడుగుల దూరంలో వాళ్లు చెత్త గంపలు కడుగుతారు. వాల్వు కట్టేసినప్పుడు గొట్టం ఖాళీ అవుతుంది, చుట్టూ చేరిన మురుగు ఆ చీలికలోంచి లోపలికి వెళ్తుంది. మళ్లీ వాల్వు తిప్పగానే ఆ నీళ్లే కింద ఏడు, ఎనిమిది, తొమ్మిది నల్లాలకు.

మూడేళ్లుగా తనకు తోచినట్టు కడుతూనే ఉన్నానని ఐలయ్య చెప్పాడు. ఎవరికైనా చెబితే సందు సంగతి బయటపడుతుంది. కాగితాల ప్రకారం ఈ నూట పద్దెనిమిది మందీ కోటలో లేరు. నలభై ఏళ్ల కిందట వాళ్ల తండ్రులకు బయట అంతస్తుల్లో గదులు ఇచ్చినట్టు రాసి ఉంది.

ఆయన నన్ను అడిగింది ఒక్కటే. గొట్టం బాగుచేద్దాం, సందు సంగతి మాత్రం రాయొద్దు.

ఇరవై రెండో రోజు

లెక్క వేశాను. మళ్లీ మళ్లీ వేశాను. చీలిక బాగుచేస్తే రోజుకు తొంభై రెండున్నర వేల లీటర్లు వదిలితే చాలు. అందులో డెబ్బై ఆరు వేలు ఇరవై ఆరు నల్లాలకు. ఈ సందులో తాగేవి, వాడుకునేవి ఎనిమిది వేల చిల్లర. వాళ్లను రాయకపోతే ఆ ఎనిమిది వేలూ నష్టం కిందికే వస్తాయి. మొత్తం నష్టం నూటికి పద్దెనిమిదవుతుంది. కోట మూతపడుతుంది. వాళ్లను మనుషులుగా రాస్తే నష్టం తొమ్మిదే.

ఇన్నేళ్లూ పోయిన నీళ్లలో నాలుగో వంతు పోనే లేదు. తాగారు.

ఐలయ్య వాకిట్లో కూర్చుని ఇదంతా చెప్పాను. రాస్తే మండలి వాళ్లను వెళ్లగొట్టవచ్చని, ఆ భయం నాకూ ఉందని దాచకుండా చెప్పాను. రాయకుండా కోటను నిలబెట్టే దారి నాకు కనబడలేదని కూడా చెప్పాను. సందులోవాళ్లు చాలామంది వద్దన్నారు. ఐలయ్య వాళ్లను ఆగమన్నాడు.

"ఆపా మంచాన పడ్డది మా గంపలు కడిగిన నీళ్లు తాగి. నలభై ఏండ్లసంది ఆమె చేతి టీ తాగుతున్న నేను. రాయి, బిడ్డా," అన్నాడు.

నన్ను ఆయన మేడం అనకపోవడం ఇదే మొదలు.

ఇరవై ఆరో రోజు

మూడు రోజులు నల్లాలు కట్టేశాం. కోట గుమ్మం దగ్గరికి బయటి ట్యాంకర్లు వచ్చాయి. దున్న గంపలు విప్పి, శుభ్రంగా కడిగి, నీళ్ల డబ్బాలు కట్టాం. మెట్లు ఎక్కీ దిగీ అది రెండో రోజు మధ్యాహ్నం ఏడో నల్లా దగ్గర మొరాయించింది. చార్జింగు అయిపోయింది. అప్పుడు మనుషులు వరసగా నిలబడి చేతి నుంచి చేతికి అందించారు. ఆ వరస కొట్టం ద్వారం దాకా చేరి, అక్కడ ఆగలేదు. వంగి లోపలికి వెళ్లింది. కోటలో చాలామంది ఆ ద్వారం దాటడం అదే మొదటిసారి.

గుంట ముందే ఉంది కాబట్టి తవ్వే పని రాలేదు. తొట్టి గదిలో పాత మట్టి గొట్టాలు కొన్ని దొరికాయి. డంగు సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపి నూరాలని ఆ సందులోని పెద్దలకే తెలుసు. నాకు నూరే పని ఇచ్చారు. చేతులు బొబ్బలెక్కాయి. చీలిన గొట్టం తీసి కొత్తది దించుతుంటే ఐలయ్య గుంటలో నడుము లోతు బురదలో నిలబడి, పసిబిడ్డను అందుకున్నట్టు రెండు చేతులతో అందుకున్నాడు.

గంపలు కడిగే చోటును కందకం ఒడ్డుకు మార్చాం. బిరడా ఉన్న చోట నేను నల్లా పెట్టాను, మీటరు కూడా బిగించాను. దీనికి అనుమతి తీసుకోలేదు. అడిగితే ఆరు నెలలు పడుతుంది. నా ఉద్యోగం పోతే ఈ మాట వల్లే పోవాలి కాబట్టి స్పష్టంగా రాస్తున్నాను: ఇరవై ఏడో నల్లా, ఏనుగుల కొట్టం వెనక సందు, ఇరవై మూడు ఇళ్లు, నూట పద్దెనిమిది మంది.

ఇరవై తొమ్మిదో రోజు

కమరున్నీసా తిరిగి వచ్చింది. బాగా చిక్కిపోయింది. జరిగిందంతా నేనే చెప్పాను, నా నాలుగు రోజుల ఆలస్యం కూడా. అంతా విని, ఐలయ్య టీకి వచ్చాడా అని అడిగింది. ఆవిడ ఆసుపత్రికి వెళ్లినప్పటి నుంచి ఆ అరుగు దగ్గర ఆగడం లేదని చెప్పాను. దున్న మాత్రం అలవాటు కొద్దీ ఆగుతోంది, ఆయనే దాన్ని తోసుకుపోతున్నాడు.

ముప్పై ఆరో రోజు

మండలి నుంచి ఫణీంద్ర అనే అధికారి వచ్చాడు. ఏనుగుల కొట్టం ముందు కుర్చీలు వేశాం. కోటలో నడవగలిగినవాళ్లంతా వచ్చారు. నడవలేని కమరున్నీసా కూడా వచ్చింది. దున్న వీపు మీద బొంత పరిచి, ఐలయ్య మనవరాలు, మరో ఇద్దరు ఆడవాళ్లు పట్టుకోగా, రెండు కాళ్లూ ఒకే పక్కకు వేసుకుని దర్జాగా కూర్చుని వచ్చింది.

ఫణీంద్ర చెడ్డవాడు కాదు. మీటర్లన్నీ తనే చూశాడు. నష్టం నూటికి తొమ్మిది. కానీ అతని దగ్గరున్న పట్టికలో ఆ సందే లేదు, ఆ మనుషులు బయట పద్నాలుగో ఇళ్ల సముదాయంలో ఉన్నారు. అక్కడ గదులున్నవాళ్లు ఇక్కడ నీళ్లు వాడితే దాన్ని ఏ పేరుతో రాసుకోవాలని అడిగాడు.

ఐలయ్య లేచి నిలబడ్డాడు. ఆ గదుల్లో వాళ్ల నాన్న ఆరు నెలలున్నాడని, అక్కణ్నుంచి కోటకు పొద్దున మొదటి బండి ఏడింటికి అని, కోటలో చెత్త ఆరింటికి ఎత్తాలని చెప్పాడు. ఆలస్యమైతే కూలి కోసేవారు. అందుకే తిరిగి వచ్చారు. ఆ గదుల తాళాలు ఎవరి దగ్గరున్నాయో కూడా తమకు తెలియదన్నాడు. "అవి మాకొద్దు సారు. రాసిస్తం. ఈడ ఉన్నమని ఒక్క ముక్క రాయుండ్రి," అని కూర్చున్నాడు.

తర్వాత కమరున్నీసా దున్న మీది నుంచే మాట్లాడింది. గొంతు సన్నగా ఉంది, అందరూ దగ్గరికి జరిగారు.

"నలభై ఏండ్లసంది నల్లా కాడ నిలబడి, ఎవరికి నీళ్లు అందినయి, ఎవరికి అందలేదని చూసిన. వీళ్లు మా ఇంటి చెత్త ఎత్తుతుంటే వీళ్లకు టీ పోసిన. మీరు నీళ్లు యాడ పట్టుకుంటరని ఒక్కనాడు అడగలే. అది నా తప్పు. ఈ బిడ్డ అడిగింది, రాసింది. ఆమెను ఏమనకుండ్రి."

నేను అడగలేదని, ఆలస్యం చేశానని అనబోయాను. ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

ఫణీంద్ర చాలాసేపు కాగితాలు తిరగేశాడు. తర్వాత లేచి, వంగి, ఆ చిన్న ద్వారంలోంచి లోపలికి వెళ్లాడు. ఇరవై మూడు ఇళ్ల ముందూ ఆగి తనే లెక్కపెట్టుకున్నాడు. ఎవరో దోసిలి పట్టమంటే పట్టి ఇరవై ఏడో నల్లా నీళ్లు తాగాడు. నాకన్నా తక్కువే కారిపోయాయి.

నలభై ఏడో రోజు

ఉత్తర్వు వచ్చింది. కోట మూత లేదు. ఇరవై ఏడో నల్లాను ఒప్పుకున్నారు. సందులోవాళ్లను కోట నివాసులుగా నమోదు చేశారు. అనుమతి లేకుండా నల్లా బిగించినందుకు నాకు ఒక హెచ్చరిక, వచ్చే ఏడాది బదిలీ. వచ్చే ఏడాది సంగతి వచ్చే ఏడాది చూద్దాం.

ఉత్తర్వుతో పాటు కొత్త పటం పంపారు. అందులో సందు గీత ఉంది, ఇళ్లున్నాయి. పేరు రాయాల్సిన చోట ఖాళీ వదిలి, స్థానికులను అడిగి నింపమన్నారు. సాయంత్రం పటం తీసుకుని వెళ్లాను. ఇంతకాలం దాన్ని ఏమనేవారని అడిగితే అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. దానికి పేరు లేదు. మా కాడ అనేవారు, అంతే. కొందరు ఐలయ్య పేరు పెట్టమన్నారు. ఆయన ఒప్పుకోలేదు.

తన తాత తల్లి రాజవ్వ అని ఉండేదని ఐలయ్యే చెప్పాడు. ఆ రోజుల్లో సందులోవాళ్లు కోట నల్లాల దగ్గరికి రాకూడదు. కందకంలో నీళ్లు తెచ్చుకునేవారు. ఒక ఎండాకాలం కందకం ఎండిపోయింది. రాజవ్వ నిండు గర్భిణి. తొమ్మిది రోజులు, రోజూ అందరూ పనికి వెళ్లాక, ఒక్కతే రాతి పలక జరిపి, ఉలితో గొట్టం మెడ మీద చిల్లు పొడిచింది. గొట్టం పగలకుండా, చప్పుడు బయటికి వినబడకుండా, ఉలి మీద తడిగుడ్డ వేసి కొద్దికొద్దిగా. పదో రోజు నీళ్లు వచ్చాయి. ఆమె గురించి ఇంతకుమించి ఎవరికీ తెలియదు. ఫోటో లేదు, కాగితం లేదు.

నేను పటం మోకాళ్ల మీద పెట్టుకుని ఖాళీలో రాశాను. ఐలయ్య పక్కకు వచ్చి వంగి చూశాడు. కళ్లకు ఆనడం లేదు, చదవమన్నాడు.

"రాజవ్వ సందు," అని చదివాను.

ఆయన తల ఊపాడు. ఇంకొకసారి చదువు బిడ్డా అన్నాడు. సందులోవాళ్లంతా వినేలా గట్టిగా చదివాను.